నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర ఆరు సెకన్లు

మా ఆయన్ని పెళ్ళికి ముందు బావా అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాకా ఆ పిలుపు మారలేదు. మా అమ్మకు సొంత అన్నగారి కొడుకు. విజయనగరం బజారులో ఫ్యాన్లు, మోటార్లు, వైర్లు అమ్మే కొట్టు వాళ్ళది. మావయ్య పోయాక బావే చూసుకునేవాడు. నేను అదే ఊళ్ళో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. మాకు పిల్లలు లేరు. అత్త, బావ, నేను, ముగ్గురమే ఇంట్లో.

బావ ఇంటర్ తప్పి చదువు మానేశాడు. కానీ చేతికి ఏ యంత్రం దొరికినా విప్పి, దాని జబ్బేమిటో కనిపెట్టి, మళ్ళీ బిగించేవాడు. కొట్లో ఉన్నంతసేపూ వచ్చినవాళ్ళతో కబుర్లే. నవ్వాడంటే నాలుగు కొట్ల అవతలికి వినిపించేది. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. మా ఇంట్లో మాటలు చాలావరకు అతనివే.

ఎనిమిదేళ్ళ కిందట మా కాలేజీకి రిటైరైన ఖగోళ శాస్త్రవేత్త ఒకాయన ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చారు. నెప్ట్యూన్ అవతల చీకట్లో తిరిగే చిన్న చిన్న లోకాల గురించి చెప్పారు. అవి ఎంత దూరాన ఉంటాయంటే, పెద్ద దూరదర్శినిలో చూసినా చుక్కల్లాగే కనబడతాయి తప్ప ఆకారం తెలియదు. అయితే ఎప్పుడో ఒకసారి అలాంటి లోకం ఒకటి ఏదో నక్షత్రానికి అడ్డంగా వెళుతుంది. అప్పుడు దాని నీడ భూమి మీద ఒక పట్టీలా పరుగెడుతుంది. ఆ పట్టీలో ఉన్నవాళ్ళకు నక్షత్రం కొన్ని సెకన్లు మాయమై మళ్ళీ కనబడుతుంది. ఏ చోటినుంచి చూసినవాళ్ళకు ఎన్ని సెకన్లు మాయమైందో అన్నీ కలిపి చూస్తే ఆ లోకం ఎంత పెద్దదో, ఏ ఆకారంలో ఉందో తేలుతుంది. ఇందుకు మరీ పెద్ద పరికరాలు అక్కర్లేదనీ, ఓ మోస్తరు దూరదర్శిని, కెమెరా, కచ్చితమైన సమయం ఉంటే చాలనీ, మనుషులు మాత్రం దూరదూరంగా నిలబడాలనీ అన్నారు. చివర్లో, "మీ తీరం మీదుగా ఇలాంటి నీడలు వెళుతూనే ఉన్నాయి. చూసేవాళ్ళే లేరు," అన్నారు.

ఆ రోజు అన్నాలు తింటూ ఈ సంగతి చెప్పాను. బావ ముద్ద చేత్తో పట్టుకునే విన్నాడు.

"అంటే మన కోసరం అక్కడో కుర్సీ ఖాళీగా ఉంచారన్నమాట," అన్నాడు.

ఆ నెలలోనే ఎనిమిది అంగుళాల దూరదర్శిని ఒకటి తెప్పించాడు. రెండేళ్ళ తర్వాత ఇంకొకటి, కాస్త చిన్నది. దేశంలో అక్కడక్కడా ఇలా చూసేవాళ్ళ బృందం ఒకటి ఉంటే అందులో చేరాం. దాన్ని నడిపే పెద్దావిడ బెంగళూరులో ఉండేది. ఎప్పుడు ఏ నీడ ఎటు వెళుతుందో ఆవిడ మెయిల్ పెట్టేది.

పుస్తకాల్లో దీన్ని నక్షత్ర ఆచ్ఛాదనం అంటారు. బావ చుక్కమాటు అనేవాడు. లెక్క నాది, తీగలు అతనివి. బృందం పంపిన అంచనా దగ్గర పెట్టుకుని, నీడ మా వైపు ఏ ఊళ్ళ మీదుగా వెళుతుందో నేను లెక్కకట్టేదాన్ని. బ్యాటరీలు, కేబుళ్ళు, ఉపగ్రహం నుంచి సమయం పట్టుకునే చిన్న పెట్టె, అన్నీ అతను చూసుకునేవాడు. కెమెరా మొరాయిస్తే నోటితో సమయం చెప్పి రికార్డు చేసుకోవడానికి పాత ఫోను ఒకటి దూరదర్శిని కాలికి రబ్బరు బ్యాండుతో కట్టేవాడు. కెమెరా బాగా పనిచేసిన రోజుల్లో కూడా ఆ ఫోన్లో మాట్లాడుతూనే ఉండేవాడు. మాట్లాడకుండా పావుగంట కూర్చోవడం అతని వల్ల అయ్యే పని కాదు.

ఆరేళ్ళలో పదకొండుసార్లు ప్రయత్నించాం. ఒక్కసారీ దక్కలేదు. నాలుగుసార్లు మబ్బు. ఒకసారి కళింగపట్నం ఒడ్డున అంతా బిగించుకుని కూర్చున్నాక సరిగ్గా ఆ నిమిషానికి చేపలు ఎండేసే చోటినుంచి కుక్క ఒకటి పరుగెత్తుకొచ్చి ముక్కాలిపీటను గుద్దేసింది. మరోసారి అదే కళింగపట్నంలో, సమయం పట్టుకుంటున్న నా ఫోనుకి కాలేజీ నుంచి ఎవరో ఫోను చేశారు. రికార్డు ఆగిపోయింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టాను. చుక్కమాటుకి పావుగంట ముందునుంచి పది నిమిషాల తర్వాత వరకు ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఎవరినుంచీ ఏ కబురూ రాకూడదు. ఆ నియమం నాది. అతనిది కాదు.

మిగతాసార్లు మబ్బూ లేదు, కుక్కా లేదు. మేమే నీడలో లేము. అంచనా తప్పి నీడ ఇంకెటో వెళ్ళిపోయేది. నక్షత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉండేది. ఇంటికొచ్చాక అత్త అడిగేది: "ఏటిరా, సుక్క మాయమైనాదా?"

"లేదమ్మా."

"అది ఎక్కడికి పోతాది? నీకే పని లేదు."

బావ నవ్వేసేవాడు. నాకు మాత్రం కష్టంగా ఉండేది. పోనీ ఈసారి నా లెక్క నేనే చేసుకుంటాను, ఇంకొకరు పంపింది నమ్మను అనుకున్నాను. ఆ లోకం ఎక్కడుందో చెప్పే కొలతలు, నక్షత్రం ఎక్కడుందో చెప్పే పట్టిక, రెండూ పెట్టుకుని మొదటినుంచీ లెక్కకట్టడం సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నాను.

పన్నెండోది ఒక ఫిబ్రవరిలో వచ్చింది. ఆ లోకానికి పేరు లేదు, నంబరే. సమయం సాయంత్రం ఏడూ నలభై ప్రాంతం. నక్షత్రం నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. మాకు అంతకంటే అనుకూలంగా ఎప్పుడూ రాలేదు. బృందం పంపిన అంచనా ప్రకారం నీడ మధ్యగీత విజయనగరం మీదుగానే వెళుతుంది. బావ ఎగిరి గంతేశాడు. ఇద్దరం ఊరికి దగ్గర్లోని రామతీర్థం వెళ్ళి పక్కపక్కనే కూర్చుని చూడాలనుకున్నాం.

మూడు రోజుల ముందు, ఆ లోకం మీద కొత్తగా వచ్చిన కొలతలు కలుపుకుని నేను మళ్ళీ లెక్కకట్టాను. ఆకాశంలో అది ఉండాల్సిన చోటు కాస్త జరిగింది. కంటికి అందని తేడా. నేల మీద మాత్రం అది వంద కిలోమీటర్లకు పైనే. నా లెక్క ప్రకారం నీడ ఉత్తరంగా వెళుతుంది. రామతీర్థం దాని అంచుకు బయట పడుతుంది, మహా అయితే అంచున ఉంటుంది. చేసిన లెక్క రెండు రోజుల్లో నాలుగుసార్లు సరిచూసుకున్నాను. బెంగళూరు ఆవిడకు రాశాను. "మీ లెక్క నిజమైతే మీ ఇద్దరూ విడిపోవడం మంచిది. ఒకరు అక్కడే ఉండండి, ఒకరు ఉత్తరానికి వెళ్ళండి. అంచుకు అటొకరు ఇటొకరు ఉంటే అంతకన్నా విలువైన కొలత లేదు," అని జవాబిచ్చింది.

శ్రీకాకుళం అవతలి నౌపడ అని నేనే అన్నాను. ఉప్పుమళ్ళు, చుట్టూ చెట్లు లేవు, దీపాలు లేవు, గట్టు మీదికి కారు వెళుతుంది. మళ్ళలోకి నీళ్ళు తోడే మోటార్లు బావ దగ్గర కొన్న ఉప్పు వ్యాపారి ఒకాయన అక్కడ ఉన్నాడు. ఫోను చేస్తే, రండి బాబూ, మా కాపలావాళ్ళకు చెబుతాను అన్నాడు.

ఆ రోజు ఉదయం బావ ఇడ్లీ సగం తిని ప్లేటు పక్కకు జరిపాడు.

"గుండెల్లో మంటగా ఉన్నాది. రాత్రి పులుసు పడలేదనుకుంటాను."

జీలకర్ర మరగబెట్టి ఇచ్చాను. తాగాడు. చేత్తో ఛాతీ రుద్దుకుంటూ కేబుళ్ళు సంచిలో సర్దుతున్నాడు.

"పోనీ నువ్వు రామతీర్థంలో ఉండు బావా. నౌపడ నేను వెళ్తాను."

"నీకు కారు నడపడం వచ్చేటి?"

"అయితే మానేద్దాం."

"నీ లెక్క నువ్వే నమ్మవేటి?" అన్నాడు. "ఒసే, పదకొండుసార్లు ఎవులో సెప్పిన సోటికి ఎల్లాం. ఈసారి నువ్వు సెప్పిన సోటికి ఎల్తన్నాను. సూడు."

మానేద్దాం అన్నానే కానీ గట్టిగా అనలేదు. ఆ మాట అంటున్నప్పుడే అతను కాదంటే బాగుండునని లోపల ఉంది. నా లెక్క నిజమో కాదో తేలాలని నాకు అంత ఆశగా ఉంది. ఇది రాయడానికి నాకు చాలాకాలం పట్టింది.

పన్నెండు గంటలకు కారులో పెద్ద దూరదర్శిని పెట్టుకుని వెళ్ళాడు. నేను నాలుగింటికి చిన్నదాన్ని ఆటోలో వేసుకుని రామతీర్థం వెళ్ళాను. మా కాలేజీలో పనిచేసే ఒకావిడ పుట్టిల్లు ఆ ఊళ్ళో ఉంది. వాళ్ళ డాబా మీద బిగించుకున్నాను. అయిదున్నరకు బావ ఫోను.

"ఇక్కడ ఆకాశం కడిగేసినట్టు ఉన్నాది. కాపలా వాళ్ళు మంచోళ్ళు. మొగుడూ పెళ్ళాం. టీ ఇచ్చారు."

"మంట తగ్గిందా?"

"తగ్గింది. నువ్వు రెండో కేబులు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను."

"సరే, ఏడూ ఇరవైకి ఫోన్లు కట్టేద్దుము. ఉంటాను."

అంతే. మా చివరి మాటలు కేబులు గురించి, ఫోన్లు కట్టేయడం గురించి.

ఏడూ ఇరవైకి ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. చీకటి పడింది. కొండ మీద గుడి దీపాలు కనిపిస్తున్నాయి. కంప్యూటర్ తెర మీద నా నక్షత్రం సన్నటి బియ్యపు నూకలా ఉంది. ఏడూ ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. రెప్పవేయడం మానేశాను. నక్షత్రం కొంచెం కూడా తగ్గలేదు. నలభై అయిదు దాటింది. అయినా అది అక్కడే ఉంది.

నా అంచనా సరిగ్గా అదే. రామతీర్థంలో నక్షత్రం మాయం కాకూడదు. నాకు నవ్వు ఆగలేదు. ఆ డాబా మీద ఒక్కదాన్నే చేతులు తిప్పుకుంటూ అటూ ఇటూ తిరిగాను. నౌపడలో ఆరిపోయి ఉంటుంది, బావ అరిచి ఉంటాడు, ఉప్పుమళ్ళన్నీ దద్దరిల్లి ఉంటాయి అనుకున్నాను. ఆరేళ్ళలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషం ఎన్ని నిమిషాలుందో నాకు తెలుసు. నా రికార్డులో ఆ సమయమంతా ఉంది.

పది నిమిషాల నియమం పూర్తయ్యాక ఫోను మామూలుగా పెట్టాను. అతని నంబరు నుంచి మూడుసార్లు ఫోను వచ్చిందని మెసేజీలు. చూశావా, ఆగలేకపోయాడు అని నవ్వుకున్నాను. తిరిగి చేయబోతుండగా అదే నంబరు నుంచి ఫోను మోగింది.

"బావా, నాకు మాయం కాలేదు! నీకు?" అన్నాను.

ఆడగొంతు. "ఎవులమ్మా నువ్వు? ఈ పోను బాబుకి ఏటవుతావు?"

"భార్యని. మీరెవరు? ఫోను ఆయనకివ్వండి."

"బాబు మాటాడనేడమ్మా. గుండెల్లో నెప్పని కూలబడిపోనాడు. మా ఇంటోడు ఉప్పు లారీ ఆపి ఎక్కించినాడు. టెక్కలి ఆస్పత్రికి తీసుకెల్తన్నారు. నాను సామాను కాడ ఉన్నాను. పోను ఇక్కడ పడిపోతే తీసినాను. బేగి రా తల్లీ, బేగి రా."

నేనున్న డాబా ఇంటాయన కారు తీశాడు. దూరదర్శినిని డాబా మీదే వదిలేశాను. దారి పొడవునా బావ ఫోనుకి చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఆ ఉప్పుమళ్ళ ఆవిడే ఎత్తి, "ఇంకా కబురు రాలేదమ్మా," అనేది. శ్రీకాకుళం దాటాక చేసినప్పుడు ఎత్తింది కానీ ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం వినబడింది. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టెక్కలి చేరేదాకా మళ్ళీ చేయలేదు. ఆస్పత్రికి చేరకముందే దారిలోనే పోయాడని అక్కడ చెప్పారు. అతనికి యాభై రెండేళ్ళు.

మర్నాడు మా తమ్ముడు నౌపడ వెళ్ళి సామాను తెచ్చాడు. ఆ ఆవిడ తెల్లవార్లూ దాని పక్కనే కూర్చుందట. వస్తువుల మీద చెయ్యి వేస్తే ఏమవుతుందోనని ఒక్కటీ కదపలేదట. కంప్యూటర్ బ్యాటరీ అయిపోయి దానంతట అది ఆగిపోయింది. అన్నిటి మీదా సన్నగా ఉప్పుపొర పేరుకుంది.

అత్త పెద్దకర్మ దాకా నాతో మాట్లాడలేదు. పదమూడో రోజు చుట్టాలంతా ఉండగా అంది.

"నీ లెక్కలే తినేసినాయే నా కొడుకుని. ఇంట్లో కూకుంటే బతికుండేవోడు. ఆకాశంలో రాయికోసం నా కొడుకుని ఉప్పుమళ్ళకి పంపించినావు."

మా అమ్మ ఆవిణ్ని ఊరుకోబెట్టబోయింది. నేనే వద్దన్నాను. అత్త అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పటినుంచి రోజూ ఏదో ఒక వేళ ఆ మాట అనేది. వంటింట్లో కూరగాయలు తరుగుతూ అనేది. టీ గ్లాసు నా ముందు పెడుతూ కూడా అనేది. నేను వింటూ తాగేదాన్ని.

బెంగళూరు ఆవిడ మొదట సంతాపం రాసింది. ఆ తర్వాత చాలా వారాలు ఏమీ రాయలేదు. ఏప్రిల్‌లో రెండు వాక్యాలు రాసింది. ఒడిశాలో రెండు చోట్ల నక్షత్రం మాయమైందట. మీకు చేతనైనప్పుడే, చేతనైతేనే, మీ రికార్డులు పంపండి అంది. వేసవి సెలవులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బావ కంప్యూటర్‌కి చార్జరు పెట్టాను.

అతని రికార్డు చెడిపోలేదు. అంత శుభ్రమైన రికార్డు మేం ఎప్పుడూ తీయలేదు. నక్షత్రం స్థిరంగా ఉంది. ఏడూ నలభై దాటాక ఉన్నట్టుండి లేదు. ఆరు సెకన్లు. మళ్ళీ ఉంది. నేను చెప్పిన సమయానికి, నేను చెప్పిన చోట. ఒక్కొక్క చిత్రం వెలుగు కొలిచి పట్టిక తయారుచేశాను. సాయంత్రం దాకా అదే పని. ఏడవలేదు. పట్టిక పూర్తయ్యాక, సమయం సరిచూడటానికి ఆ పాత ఫోను కూడా తీశాను. రికార్డు చేసినంతసేపూ అందులో అతని గొంతు ఉంది.

మొదట్లో మామూలు మాటలే. గాలి బాగుందనీ, దోమలున్నాయనీ. మధ్యలో నాతో చెప్పినట్టు, "ఒసే, ఇక్కడ ఉప్పు కుప్పలు సీకట్లో కూడా తెల్లగా అవుపిస్తన్నాయి," అన్నాడు. తర్వాత అతని ఊపిరి బరువుగా వినబడింది. ఆ పైన ఆడగొంతు.

"ఏటి బాబూ, ఈ సలిగాలిలో అలా సెమటలు పట్టేస్తన్నాయి? నెప్పేటి?"

"కొంచెం పట్టేసినట్టున్నాదమ్మా. సెయ్యి లాగుతోంది."

"మా ఇంటోడు లారీ ఆపుతాడు. టెక్కలి ఎల్దురుగాని, లెగు."

"ఎల్తాను తల్లీ. ఒక్క పావుగంట ఆగు. ఇది మళ్ళీ రాదు."

"పావుగంటేటి బాబూ..."

"ఒక్క పావుగంట."

ఆ తర్వాత ఆమె ఏదో గొణిగింది. చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. అప్పుడు, "పోయింది! ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు... వచ్చింది. ఒసే, వచ్చిందే! నువ్వు సెప్పిన కాడికే వచ్చిందే!" అన్నాడు. నవ్వబోయాడు కానీ అది దగ్గులా వచ్చింది. కాసేపటికి ఫోను మీటలు నొక్కిన చప్పుడు. నాకు చేశాడు. నా ఫోను కట్టేసి ఉంది. మళ్ళీ చేశాడు. మూడోసారి చేసి, "ఇంకా పది నిమిషాలవలేదు కదా," అని తనకు తనే చెప్పుకున్నాడు. తర్వాత కుర్చీ పడిన చప్పుడు, ఆమె కేక.

పట్టిక, రికార్డు బెంగళూరు పంపాను. గొంతు పంపలేదు.

మే నెలలో నౌపడ వెళ్ళాను. రైలు దిగి ఆటోలో గట్టు దాకా వెళ్ళేసరికి ఎండ కళ్ళల్లో పొడుస్తోంది. కాపలా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉప్పు కుప్పల మీద తాటాకు కప్పుతున్నారు. ఆవిడ నాకంటే చిన్నది, నలభై ఉండవచ్చు. నేనెవరో చెప్పగానే చేతిలో ఆకులు కింద పెట్టేసింది. పాక నీడలో కూర్చోబెట్టి కుండలో నీళ్ళు ఇచ్చింది. నేను తీసుకెళ్ళిన చీర ఇవ్వబోతే చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకు సీరెందుకమ్మా? నాను సేసిందేటి? ఆ బాబు పావుగంట అన్నాడు, నాను ఊరుకున్నాను. సదువుకున్న బాబు, అన్నీ తెలిసినోడు, మనం సెప్పేదేటి అనుకున్నాను. బలవంతంగా లాక్కెల్లిపోవలసింది. మూడు నెలలై నాకు నిద్దర నేదమ్మా."

"పంపింది నేను," అన్నాను.

"నువ్వు పంపితే ఆపవలసింది నాను కదా."

ఇద్దరం ఒకరి మాట ఒకరం ఒప్పుకోలేదు. ఆమె మొగుడు దూరంగా నిలబడి తలగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. లారీలో బావ తల అతని ఒళ్ళో ఉందట. ఏమైనా అన్నాడా అని అడిగాను. "సుక్క సంగతి మా ఇంటిదానికి సెప్పాలి అన్నాడమ్మా. ఇంకేటీ అన్లేదు," అన్నాడు. లేచేటప్పుడు చీర పాకలో చాప మీద పెట్టి వచ్చాను. ఆవిడ చూసింది కానీ ఈసారి వద్దనలేదు.

ఆ ఏడాది చివర్లో అందరి కొలతలూ కలిపిన ఫలితం వచ్చింది. ఆ లోకం గుండ్రంగా లేదట, కాస్త సాగి ఉందట. దాని దక్షిణపు అంచు ఎక్కడో తేల్చింది మా ఇద్దరి కొలతలే. నౌపడలో ఆరు సెకన్లు, రామతీర్థంలో ఏమీ లేదు. బెంగళూరు ఆవిడ బొమ్మ పంపింది. అందులో బావ కొలత ఒక చిన్న గీత.

ఆ బొమ్మ దగ్గర పెట్టుకుని ఒక లెక్క చేశాను. ఎవరూ అడగని లెక్క. ఈ ఆకారం ముందే తెలిసి ఉంటే, నౌపడ దాకా వెళ్ళకుండా ఇంకెక్కడ నిలబడినా ఆ నక్షత్రం మాయమయ్యేది? దక్షిణంగా జరుపుకుంటూ వచ్చాను. శ్రీకాకుళం ఊరి పొలిమేరలో నిలబడి ఉంటే రెండు సెకన్లు మాయమయ్యేది. పెద్ద ఆస్పత్రులు పది నిమిషాల దూరంలో ఉండేవి. రెండు సెకన్లు చాలు. రెండు సెకన్లకు కూడా బావ అలాగే అరిచేవాడు. ఆ కాగితం చింపేశాను. వారం తర్వాత మళ్ళీ చేశాను, అదే వచ్చింది. తప్పు దొరుకుతుందేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడూ చేస్తాను.

మొన్న కార్తీకంలో ఒక సాయంత్రం అత్త నా గది గుమ్మంలో నిలబడింది.

"వాడి గొంతు ఏదో పోన్లో ఉన్నాదంట గదా. మీ తమ్ముడు అన్నాడు. నాకు ఇనిపించవా?"

ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆలోచించాను. ఉప్పు కుప్పల మాట దాకా వినిపించి ఆపేద్దామనుకున్నాను. కానీ ఆవిడ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. ఆపలేకపోయాను. చివరిదాకా విన్నాం. కుర్చీ పడిన చప్పుడుకి ఆవిడ ఒళ్ళు అదిరింది. కళ్ళు తెరవలేదు.

అలాగే కళ్ళు మూసుకుని అంది, "అలా ఎంచినాడే, ఒకటి, రెండు అని. ఏటది?"

"చుక్క మాయమైందత్తా. అది ఎంతసేపో లెక్కపెట్టాడు."

"అంటే మాయమైనాదా?"

"అయింది."

"ఎంతసేపు?"

"ఆరు సెకన్లు."

ఆవిడ వేళ్ళు ముడిచి తనలో తను ఆరు లెక్కపెట్టుకుంది. "దాని కోసరమేనా?"

"దాని కోసరమే అత్తా."

"ఆవిడెవులో ఎల్దుము అంటే వాడే ఆగమన్నాడు గదే."

నేను తల ఊపాను. ఆవిడ లేచి నా దగ్గరకొచ్చి, చెయ్యి నా తల మీద పెట్టింది.

ఆ రోజు నుంచి అత్త నన్ను ఒక్క మాట అనలేదు. వంటింట్లో అనదు, టీ ఇస్తూ అనదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. ఆ మాటలు పడుతున్నన్నాళ్ళూ, నేను చేసినదానికి నన్ను ఒకరు అడుగుతున్నారని ఉండేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు తట్టుకోలేక, అన్నం ముందు కూర్చుని శ్రీకాకుళం లెక్క చెప్పబోయాను.

"అత్తా, నేను నౌపడ కాకుండా..."

"ఊరుకో," అంది, నా కంచంలో పప్పు వేస్తూ. "సల్లారిపోతాది, తిను."

తిన్నాను.